పర్యాటకం తెచ్చేదెంత, మిగిల్చేదెంత, ఎవరికి?

2024 జులైలో బార్సిలోనాలో స్థానికులు ఊరేగింపు తీసి, రెస్టారెంట్ల బయటి బల్లల దగ్గర కూర్చున్న పర్యాటకుల మీద నీటి తుపాకులతో నీళ్లు చిమ్మారు. సరిగ్గా అదే నెలలో థాయ్‌లాండ్ ప్రభుత్వం 93 దేశాల పౌరులు వీసా లేకుండానే వచ్చి రెండు నెలలు ఉండవచ్చని తలుపులు తెరిచింది. ఒకచోట చాలు పొమ్మంటున్న జనాన్నే మరోచోట రండి రండి అని పిలుస్తున్నారు. వీరిలో ఎవరికి ఆర్థికశాస్త్రం తెలియదు అని అడిగితే, ఇద్దరికీ తెలుసు అన్నదే నిజాయితీగల జవాబు. పర్యాటకం వల్ల వచ్చే రాబడి ఒకరి చేతిలో పడుతుంది, దాని ఖర్చు తరచుగా ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పినప్పుడల్లా చర్చ దారి తప్పుతుంది.

పర్యాటకుడిగా ఎవరిని లెక్కిస్తారు

సెలవుల్లో సముద్రతీరానికో కొండ ప్రాంతానికో వెళ్లినవారే పర్యాటకులని మామూలుగా అనుకుంటాం. గణాంకాల్లో ఆ మాటకు పరిధి చాలా పెద్దది. ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నిర్వచనం ప్రకారం, తాను రోజూ మసలే పరిసరాలను దాటి, ఏడాది లోపు కాలానికి, వెళ్లినచోట జీతానికి కుదరడం మినహా మరే ప్రధాన ఉద్దేశంతో ప్రయాణం చేసినా ఆ వ్యక్తి సందర్శకుడే. వ్యాపార సమావేశానికి వెళ్లినవారు, వైద్యం కోసం వెళ్లినవారు, బంధువుల పెళ్లికి వెళ్లినవారు, తీర్థయాత్రకు వెళ్లినవారు అందరూ ఈ లెక్కలోకి వస్తారు. వీరిలో కనీసం ఒక రాత్రి బస చేసినవారిని పర్యాటకులనీ, అదే రోజు తిరిగి వెళ్లిపోయేవారిని ఒకరోజు సందర్శకులనీ విడదీస్తారు. ఈ విభజన చూడటానికి చిన్నదే అయినా, వెనిస్ లాంటి నగరాల్లో గొడవంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

దేశం సరిహద్దు దాటి వచ్చి బస చేసినవారిని మాత్రమే లెక్కిస్తే, 1950లో వారి సంఖ్య ప్రపంచం మొత్తం మీద దాదాపు 2.5 కోట్లు. 2012లో అది 100 కోట్లు దాటింది, 2019లో సుమారు 146 కోట్లకు చేరింది. కోవిడ్ వచ్చిన 2020లో 70 శాతానికి పైగా పడిపోయి, 2024 నాటికి మళ్లీ 140 కోట్ల దగ్గర నిలబడింది. అయితే ఒకే మనిషి ఏడాదిలో మూడు దేశాలు తిరిగితే మూడు రాకలుగా నమోదవుతాయి కాబట్టి, ఇవి మనుషుల సంఖ్యలు కావు, రాకల సంఖ్యలు. పైగా స్వదేశంలోనే తిరిగేవారు వీటిలో లేరు. సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలో పర్యాటకుల మొత్తం ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులు దేశీయ పర్యాటకులదే. విమానాశ్రయాల్లో దిగే విదేశీయుల సంఖ్య పత్రికల పతాక శీర్షికల్లోకి ఎక్కుతుంది గానీ, చాలా పెద్ద దేశాల్లో హోటళ్లను నిలబెట్టేది స్వదేశీయులే.

ఒకే రంగం, రెండు లెక్కలు: 10 శాతమా, 4 శాతమా?

ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో పర్యాటకం వాటా 10 శాతమని ఒక వ్యాసంలోనూ, 4 శాతమని మరో వ్యాసంలోనూ చదివి తికమకపడేవారు చాలామంది ఉంటారు. రెండూ తప్పు కాదు. అవి వేర్వేరు వస్తువులను కొలుస్తున్నాయి.

చిక్కు ఎక్కడుందంటే, ఉక్కు పరిశ్రమ ఉన్నట్టుగా జాతీయ లెక్కల్లో ‘పర్యాటక పరిశ్రమ’ అంటూ ఒక పద్దు ఉండదు. ఉక్కును తయారు చేసే కర్మాగారాన్ని బట్టి ఆ పరిశ్రమను గుర్తిస్తారు. పర్యాటకాన్ని మాత్రం కొనేవారిని బట్టే గుర్తించాలి. ఒకే రెస్టారెంటులో ఒక బల్ల దగ్గర స్థానికుడు, పక్క బల్ల దగ్గర పర్యాటకుడు ఒకే భోజనం చేస్తారు, రెండోది మాత్రమే పర్యాటకం. ట్యాక్సీ, దుకాణం, ఆసుపత్రి, మ్యూజియం అన్నింటిలోనూ ఇంతే. ఈ కలగాపులగాన్ని విడదీయడానికి 2000లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ‘టూరిజం శాటిలైట్ అకౌంట్’ అనే పద్ధతిని ఆమోదించింది. జాతీయ లెక్కలకు అనుబంధంగా ఉండే ఈ ఖాతా ఒక్కో రంగం అమ్మకాల్లో ఎంత భాగం సందర్శకులు కొన్నదో సర్వేల ద్వారా అంచనా వేసి, ఆ అమ్మకాల వెనుక ఉన్న విలువ జోడింపును, అంటే బయట కొన్న సరుకుల ఖర్చు తీసేశాక మిగిలేదాన్ని, మాత్రమే తీసుకుంటుంది. ఇలా వచ్చేది ప్రత్యక్ష పర్యాటక జీడీపీ. కోవిడ్‌కు ముందు ప్రపంచ స్థాయిలో అది సుమారు 4 శాతం.

10 శాతం అంకె వరల్డ్ ట్రావెల్ అండ్ టూరిజం కౌన్సిల్ అనే సంస్థది. హోటల్‌కు కూరగాయలు అమ్మిన రైతు ఆదాయం, హోటల్ కట్టిన కంపెనీ ఆదాయం, హోటల్ ఉద్యోగి తన జీతంతో కొన్న బట్టల వల్ల దుకాణానికి వచ్చిన ఆదాయం, అన్నీ అందులో కలుస్తాయి. ఈ సంస్థ పెద్ద ప్రయాణ, పర్యాటక కంపెనీల అధిపతుల వేదిక అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అంతమాత్రాన దాని లెక్క కల్పితమైపోదు, పరోక్ష ప్రభావాలు నిజంగానే ఉంటాయి. కాని ప్రతి రంగమూ తన పరోక్ష ప్రభావాలను ఇలాగే కలుపుకుంటే, వ్యవసాయం, నిర్మాణం, పర్యాటకం, రవాణా వాటాల మొత్తం 100 శాతాన్ని సునాయాసంగా దాటిపోతుంది. ఒకే రైతు అమ్మిన కూరగాయలు మూడు రంగాల గొప్పల్లో కనిపిస్తాయి. రంగాలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే ప్రత్యక్ష లెక్క కావాలి. పర్యాటకులు హఠాత్తుగా రావడం మానేస్తే ఎంత దూరం దెబ్బ తగులుతుందో తెలియాలంటే రెండోది పనికొస్తుంది.

కొనుగోలుదారే నడిచి వచ్చే ఎగుమతి

విదేశీ పర్యాటకుడు పెట్టే ఖర్చు ఆతిథ్య దేశానికి ఎగుమతి. వినడానికి వింతగా ఉన్నా, దేశానికి బయటి దేశాలతో జరిగే లావాదేవీలన్నీ నమోదయ్యే చెల్లింపుల సమతుల్యత ఖాతాలో సేవల ఎగుమతుల కింద ‘ప్రయాణాలు’ అనే పద్దులోనే దీన్ని రాస్తారు. మామూలు ఎగుమతిలో సరుకు ఓడెక్కి కొనుగోలుదారు దగ్గరకు పోతుంది, ఇక్కడ కొనుగోలుదారే సరుకు దగ్గరకు వస్తాడు. దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా ఏర్పడుతుంది. మరోలా అయితే దేశం దాటి అమ్ముడుపోయే అవకాశమే లేని క్షౌరం, వేడి భోజనం, గది అద్దె, కోట గోడ పక్కన ఒక సాయంత్రం వంటివి కూడా విదేశీ మారకద్రవ్యం సంపాదించిపెడతాయి. చమురు, ఖనిజాలు, పెద్ద కర్మాగారాలు లేని చిన్న దేశాలకు ఈ దారి ఎందుకంత విలువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

రాకలు ఎక్కువైతే రాబడి ఎక్కువవుతుందన్న హామీ మాత్రం లేదు. 2024లో ఫ్రాన్స్‌కు సుమారు 10 కోట్ల మంది విదేశీ పర్యాటకులు వెళ్లారు, రాకల్లో ప్రపంచంలో మొదటి స్థానం దానిదే. అదే ఏడాది అమెరికాకు వెళ్లినవారు 7.2 కోట్ల చిల్లర మాత్రమే, అయినా రాబడిలో మొదటి స్థానం అమెరికాది. ఫ్రాన్స్‌కు వచ్చేవారిలో చాలామంది పొరుగు దేశాల నుంచి కారులోనో రైలులోనో వచ్చి కొద్ది రోజుల్లో వెళ్లిపోతారు, కొందరు మరో దేశానికి పోతూ దారిలో ఆగుతారు. అమెరికాకు వెళ్లేవారిలో సముద్రాలు దాటి వచ్చి ఎక్కువ రోజులు ఉండేవారు ఎక్కువ.

పర్యాటకుల రాకను మారకపు విలువ ఎంతగా మార్చగలదో ఐస్‌లాండ్ చూపించింది. 2008లో ఆ దేశపు బ్యాంకులు కుప్పకూలి కరెన్సీ విలువ పతనమైంది. దేశ ప్రజలకు అది కష్టకాలమే, కాని బయటివారికి ఐస్‌లాండ్ ఒక్కసారిగా చవకైపోయింది. 2010లో అగ్నిపర్వతం పేలి యూరప్ విమానాలను ఆపేసినప్పుడు ఆ దేశం పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆ ఏడాది 5 లక్షల లోపు ఉన్న విదేశీ సందర్శకులు 2018 నాటికి సుమారు 23 లక్షలయ్యారు. దేశ జనాభా అప్పటికి మూడున్నర లక్షలు. సంక్షోభం నుంచి ఐస్‌లాండ్ తేరుకోవడంలో ఈ డబ్బు పాత్ర పెద్దది. అయితే వచ్చిన విదేశీ డబ్బే కరెన్సీని మళ్లీ బలపరచి దేశాన్ని ఖరీదైనదిగా మార్చింది. 2019 మార్చిలో చవక టికెట్ల విమాన సంస్థ వావ్ ఎయిర్ మూతపడగానే ఆ ఏడాది రాకలు తగ్గాయి.

ఒక డాలరు ఎన్ని చేతులు మారుతుంది

పర్యాటకుడు ఖర్చు చేసిన డబ్బు ఒక్క చేతితో ఆగదు. అందుకున్నవారు దానిలో కొంత ఖర్చు చేస్తారు, అది మరొకరికి ఆదాయమవుతుంది. మొదటి ఖర్చుకు చివరికి ఎన్ని రెట్లు స్థానిక ఆదాయం పుట్టిందో చెప్పేదే గుణకం. ప్రతి చుట్టులోనూ దిగుమతులకూ, బయటి యజమానుల లాభాలకూ, వలస కార్మికులు ఇంటికి పంపే సొమ్ముకూ కొంత డబ్బు కారిపోతుంది, దీన్ని లీకేజీ అంటారు.

ఊహాజనితమైన ఒక చిన్న ద్వీపాన్ని తీసుకుందాం. పర్యాటకుడు అక్కడ 1,000 డాలర్లు ఖర్చు చేశాడు. ఆహారం, మద్యం, ఫర్నిచరు అన్నీ దిగుమతే కాబట్టి, రిసార్టు యజమాని విదేశీయుడే కాబట్టి, అందులో 500 వెంటనే బయటికి పోయింది. మిగిలిన 500 స్థానికుల ఆదాయం. వారు తమ ఆదాయంలో 40 శాతాన్ని స్థానికంగా తయారైనవాటి మీద ఖర్చు చేస్తారనుకుంటే, రెండో చుట్టులో 200, మూడో చుట్టులో 80, నాలుగో చుట్టులో 32, ఇలా తగ్గుతూ పోయి మొత్తం సుమారు 833 డాలర్ల దగ్గర ఆగుతుంది. అంటే వచ్చిన ఖర్చు కంటే పుట్టిన ఆదాయమే తక్కువ. ఇప్పుడు అదే 1,000 డాలర్లు, దాదాపు అన్నీ తానే తయారు చేసుకోగల పెద్ద దేశంలో ఖర్చయ్యాయనుకుందాం. మొదటి చుట్టులో 900 లోపలే నిలిచి, ప్రతి చుట్టులోనూ 60 శాతం స్థానికంగా తిరిగితే మొత్తం 2,250 అవుతుంది. పర్యాటకుడూ అతని ఖర్చూ మారలేదు, మారింది ఆ దేశంలో పర్యాటకం చుట్టూ ఉన్న మిగతా ఆర్థిక వ్యవస్థ. పర్యాటకం మీద ఎక్కువగా ఆధారపడే చిన్న ద్వీపాలే దాని నుంచి డాలరుకు తక్కువ ఆదాయం పొందడానికి కారణం ఇదే.

లీకేజీ గురించి ప్రచారంలో ఉన్న కొన్ని అంకెలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. పర్యాటకుడు చెల్లించిన 100 డాలర్లలో ఆతిథ్య దేశానికి దక్కేది నామమాత్రమేనని చెప్పే లెక్కల్లో కొన్ని, అతడు తన దేశంలో కొన్న విమాన టికెట్టునూ అక్కడి ట్రావెల్ ఏజెంటు కమీషనునూ కూడా ఆ 100లో కలిపేస్తాయి. విమానం ఆ దేశానిది కానప్పుడు ఆ డబ్బు అసలు ఆ దేశంలో అడుగే పెట్టలేదు. అడుగు పెట్టనిది కారిపోయిందనడం లెక్కను పెంచి చూపడమే. దేశంలోకి వచ్చిన డబ్బులో ఎంత బయటికి పోయిందన్నదే సరైన ప్రశ్న. దానికి జవాబు హోటల్ యాజమాన్యం ఎవరిది, వంటగదికి సరుకు ఎక్కడిది, పనివారు ఎక్కడివారు అన్న వాటిని బట్టి మారుతుంది. ఒక్కో దీవిలో ఒక్కో రిసార్టు అన్న పద్ధతిలో 1970ల నుంచి ఎదిగిన మాల్దీవులు చాలాకాలం పర్యాటకుణ్ణి స్థానిక ఊళ్లకు దూరంగా ఉంచాయి. జనం నివసించే దీవుల్లో అతిథి గృహాలకు 2009 తర్వాత అనుమతి వచ్చాకే, సాధారణ కుటుంబాలు నేరుగా ఈ వ్యాపారంలోకి రాగలిగాయి.

ఖాళీ చేతులకు పనా, పనిలో ఉన్న చేతుల మళ్లింపా?

గుణకం లెక్కల్లో చాలావాటికి పునాదిగా ఒక ఊహ దాగి ఉంటుంది: పర్యాటకులు వస్తే పని చేయడానికి మనుషులు, భూమి, పెట్టుబడి ఖాళీగా సిద్ధంగా ఉన్నాయన్నదే ఆ ఊహ. నిరుద్యోగం ఎక్కువగా ఉన్నచోట అది దాదాపు నిజం. అందరూ ఇప్పటికే ఏదో పనిలో ఉన్నచోట కాదు. 100 మంది చేపల వేటలో నెలకు తలా 300 డాలర్లు సంపాదిస్తూ, హోటళ్లలో 350 జీతానికి చేరారనుకుందాం. పర్యాటక శాఖ నివేదికలో నెలకు 35,000 డాలర్ల కొత్త జీతాలు కనిపిస్తాయి. వారు వదిలేసిన వేట ఆదాయాన్ని తీసేస్తే, దేశానికి నిజంగా పెరిగింది 5,000 మాత్రమే. ప్రభుత్వాలు తరచుగా మొదటి అంకెనే ప్రకటిస్తాయి. అందులో అబద్ధం లేదు, కాని నిజంలో సగమే ఉంది.

ఇక్కడి నుంచి వాదన రెండు పాయలవుతుంది. ఒక పక్షం దీన్ని ‘డచ్ వ్యాధి’ దృష్టితో చూస్తుంది. సహజవాయువు దొరికాక నెదర్లాండ్స్ తయారీ రంగం దెబ్బతిన్న అనుభవం నుంచి పుట్టిన మాట ఇది. పర్యాటకులు వచ్చినప్పుడు భూమి, గదులు, స్థానిక సేవల ధరలు పెరుగుతాయి, కరెన్సీ బలపడుతుంది, మంచి జీతాల కోసం శ్రామికులు అటు మళ్లుతారు. ఫలితంగా బయటి దేశాలతో పోటీపడి అమ్మాల్సిన కర్మాగారాలు చిక్కిపోతాయి. హోటల్ పనిలో ఉత్పాదకత కర్మాగారంలో పెరిగినంత వేగంగా పెరగదు కాబట్టి, ఈరోజు లాభం రేపటి ఎదుగుదలను తినేయవచ్చు.

రెండో పక్షం, పర్యాటకం కోసం వేసిన రోడ్లు, విమానాశ్రయాలు, బ్యాంకు సేవలు ఇతర వ్యాపారాలకూ ఉపయోగపడతాయని అంటుంది. ఈ రెండు వాదనలనూ పరీక్షించిన అధ్యయనాల్లో బెంజమిన్ ఫేబర్, సెసిల్ గోబేర్ అనే ఆర్థికవేత్తలు మెక్సికో తీరం మీద చేసి 2019లో ప్రచురించినది చెప్పుకోదగ్గది. పర్యాటకం వల్ల ఊరు ఎదిగిందా, ఎదిగిన ఊరికే పర్యాటకులు వచ్చారా అన్న చిక్కును విప్పడానికి వారు బీచుల నాణ్యత, పురాతన శిథిలాల ఉనికి వంటి ప్రకృతి, చరిత్ర ఇచ్చిన తేడాలను వాడుకున్నారు. పర్యాటకం ఎక్కువున్న మునిసిపాలిటీల్లో మొత్తం ఆదాయం, ఉపాధి గణనీయంగా పెరగడమే కాక, తయారీ రంగం కూడా ఎదిగినట్టు తేలింది. డచ్ వ్యాధి భయానికి ఇది ఎదురు సాక్ష్యం. కాని పర్యాటకం లేని ప్రాంతాలు జనాన్నీ పరిశ్రమనూ కొంత కోల్పోవడం వల్ల, దేశం మొత్తంగా చూసినప్పుడు ఆ తయారీ లాభంలో ఎక్కువ భాగం సమమైపోయింది. జాతీయ స్థాయిలో మిగిలింది ప్రధానంగా వాణిజ్యం పెరగడం వల్ల వచ్చే లాభమే. ఒక ఊరి విజయగాథను దేశానికి గుణించి చెప్పకూడదన్నది దీని నుంచి నేను తీసుకునే హెచ్చరిక.

ఎవరిదీ కాని సరుకును అమ్మడం

మిగతా వ్యాపారాలకు లేని ఒక లక్షణం పర్యాటకానికి ఉంది. హోటలు అమ్మేది మంచం, దుప్పటి మాత్రమే కాదు. కిటికీలోంచి కనిపించే సముద్రం, దిగువనున్న పాత వీధి, ఊరి ప్రశాంతత ఆ గది ధరలో కలిసి ఉంటాయి. వీటిలో ఏదీ హోటలు యజమాని తయారు చేసింది కాదు, అతని సొత్తూ కాదు. తరాల తరబడి ఊరివారు నిలుపుకున్న వీధిని, ప్రకృతి ఇచ్చిన తీరాన్ని చూపి రుసుము వసూలు చేసుకునేది ఒకరు, దాన్ని శుభ్రం చేసేది మరొకరు. నీటి తుపాకుల నిరసనల దగ్గర నుంచి పర్యాటక పన్నుల దాకా నడిచే తగాదాలన్నింటి అడుగునా ఈ విడ్డూరమే ఉందని నా అభిప్రాయం.

చిన్న లెక్కతో చూస్తే మరింత తేటపడుతుంది. ఒక పాత పట్టణానికి వచ్చే ఒక్కో సందర్శకుడి వల్ల దుకాణదారులకు 20 డాలర్ల ఆదాయం వస్తుందనుకుందాం. చెత్త ఎత్తడం, నీరు, మరుగుదొడ్లు, పోలీసుల వంటివాటికి మునిసిపాలిటీకి అతని వల్ల 3 డాలర్లు ఖర్చు, ఆ 20లోంచే పన్నుల రూపంలో దానికి వచ్చేది 1 డాలరు. ఊరు మొత్తానికి తలా 17 డాలర్లు లాభమే. అయినా మునిసిపాలిటీ ప్రతి సందర్శకుడి మీదా 2 డాలర్లు నష్టపోతోంది. సందర్శకులు రెట్టింపైతే దుకాణదారుల సంఘం సంబరపడుతుంది, దుకాణం లేని ఇంటి యజమాని పన్ను పెరుగుతుంది లేదా అతని వీధిలో చెత్త పేరుకుంటుంది. లాభం ఉండటం, అది అందరికీ చేరడం వేర్వేరు విషయాలు.

ఇళ్ల అద్దెల్లో ఇది అన్నిటికంటే తీవ్రంగా కనిపిస్తుంది. ఒక ఫ్లాటును నెలవారీగా కుటుంబానికి ఇచ్చే కంటే రాత్రికింతని పర్యాటకులకు ఇస్తే ఎక్కువ వస్తున్నప్పుడు యజమాని అటే మొగ్గుతాడు. బార్సిలోనాలో, ఇళ్లను పర్యాటకులకు కొద్ది రోజుల అద్దెకు ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ వెబ్‌సైటు ప్రభావం మీద 2020లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, సగటు వాడలో దానివల్ల అద్దెలు పెరిగింది 1.9 శాతమే. పర్యాటక ఫ్లాట్లు అత్యధికంగా ఉన్న పదో వంతు వాడల్లో మాత్రం అద్దెలు 7 శాతం, ఇళ్ల అమ్మకపు ధరలు 17 శాతం పెరిగాయి. ఈ అంకెలను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా వాడుకోవచ్చు. నగరం మొత్తంలో అద్దెల సంక్షోభానికి పర్యాటకమొక్కటే కారణమనడానికి 1.9 శాతం సరిపోదు. నగరం నడిబొడ్డున అద్దెకుండే కుటుంబానికి ఆ సగటుతో ఊరట కలగదు. ఇక అదే వాడలో సొంత ఇల్లున్నవారికి ఇది నష్టం కాదు, ఆస్తి విలువ పెరుగుదల. ‘స్థానికులు పర్యాటకాన్ని వ్యతిరేకిస్తున్నారు’ అన్న వాక్యంలో స్థానికులంటే ఎవరో అడగాల్సి ఉంటుంది.

ఊరి సరిహద్దు దాటి పోయే ఖర్చు మరొకటి ఉంది. విమానాలు, హోటళ్లు, సరఫరా గొలుసులు అన్నీ కలిపి 2009 నుంచి 2013 మధ్య ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో పర్యాటకం వాటా దాదాపు 8 శాతమని 2018లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. దీని ధర పర్యాటకుడి టికెట్టులో చాలావరకు లేదు. సముద్రమట్టం పెరిగితే మొదట మునిగేవాటిలో ఆ పర్యాటకం మీదే బతికే మాల్దీవుల వంటి దేశాలు ఉన్నాయి.

ఒకే రాబడి మీద నిలబడిన దేశాలు

గది రాత్రి ఖాళీగా ఉంటే మరుసటి రోజు రెండుసార్లు అమ్మలేం. నిల్వ చేయలేని సరుకు కావడం వల్ల గిరాకీ పడిపోయిన రోజే నష్టం పూర్తవుతుంది. క్రొయేషియా తీరంలో ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం జులై, ఆగస్టు నెలల్లోనే జరిగిపోతుంది. ఆ రెండు నెలల రద్దీకి తగిన నీటి గొట్టాలు, మురుగు శుద్ధి కేంద్రాలు కట్టి, మిగతా పది నెలలు వాటిని సగం వాడకుండానే పోషించాలి. ఉద్యోగాలు కూడా సీజను ఉద్యోగాలే అవుతాయి.

సీజను అంటే ముందే తెలిసిన ఒడుదుడుకు. తెలియని దెబ్బలు మరీ గట్టివి. 2020లో మాల్దీవుల జీడీపీ సుమారు మూడో వంతు కుంచించుకుపోయింది. కాసినోలకు వచ్చే సందర్శకుల మీద బతికే, చైనాలో భాగమైన మకావులో సగానికి పైగా పడిపోయింది. 2019లో దాదాపు 4 కోట్ల మందిని ఆహ్వానించిన థాయ్‌లాండ్‌కు 2020లో వచ్చినవారు 67 లక్షలు, వారిలోనూ అత్యధికులు మొదటి మూడు నెలల్లో వచ్చినవారే. శ్రీలంక 2018లో పర్యాటకం ద్వారా సుమారు 440 కోట్ల డాలర్లు ఆర్జించింది. 2019 ఈస్టర్ రోజు బాంబు దాడులు, ఆ వెంటనే కోవిడ్ ఆ ప్రవాహాన్ని ఆపేశాయి. 2022లో ఆ దేశం విదేశీ అప్పులు చెల్లించలేకపోవడానికి పన్నుల కోత, పాత అప్పుల భారం, రసాయన ఎరువుల నిషేధం వంటి ఇతర కారణాలు గట్టిగానే ఉన్నాయి. కాని ఇంధనం, మందులు కొనడానికి కావలసిన డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయని చూసుకునేసరికి, ఉన్న కొద్ది దారుల్లో ఒకటి మూసుకుపోయి ఉంది. మరోవైపు, చాలాచోట్ల పర్యాటకం కర్మాగారం కంటే త్వరగా కోలుకుంటుందని కూడా ఒప్పుకోవాలి. తీరం, కోట అక్కడే ఉంటాయి, విమానాలు మొదలైతే చాలు. మాల్దీవులు 2024లో 20 లక్షల మందికి పైగా పర్యాటకులను చూశాయి.

ధర పెట్టడం, గేటు పెట్టడం, తలుపు మూయడం

ఎవరిదీ కాని సరుకుకు ధర ఎలా పెట్టాలన్న దాని మీద ప్రస్తుతం నగరాలు, దేశాలు రకరకాల ప్రయోగాలు చేస్తున్నాయి. వెనిస్ పాత నగరంలో 1950ల ఆరంభంలో 1.7 లక్షలకు పైగా జనం ఉండేవారు, 2022లో 50,000 లోపుకు తగ్గారు. అక్కడ రాత్రి బస చేసేవారు హోటలు ద్వారా పన్ను కడతారు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు వీధులను నింపుతారు గానీ ఖర్చు చేసేది తక్కువ. అందుకే నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ ఎక్కువగా ఉండే 29 రోజుల్లో ఒకరోజు సందర్శకులకు 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టింది. దాదాపు 24 లక్షల యూరోలు వచ్చాయి. గుంపులు తగ్గిన దాఖలా లేదని విమర్శకులు ఎత్తిచూపారు. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చినవారిని 5 యూరోలు ఆపవని ముందే ఊహించవచ్చు. 2025లో రోజులను 54కు పెంచి, ఆలస్యంగా బుక్ చేసుకున్నవారికి రుసుమును 10 యూరోలు చేశారు. రాబడి కోసం పెట్టే రుసుము, రద్దీ తగ్గించడం కోసం పెట్టే రుసుము ఒకే స్థాయిలో ఉండవు. మొదటిది జనం రావడం మానకుండా ఉంటేనే పని చేస్తుంది, రెండోది కొందరు మానుకుంటేనే పని చేస్తుంది.

భూటాన్ ఆ రెండో దారిని మొదటి నుంచీ ఎంచుకుంది. రోజుకు 65 డాలర్లుగా ఉన్న సుస్థిరాభివృద్ధి రుసుమును 2022 సెప్టెంబరులో 200 డాలర్లకు పెంచింది. అంతకు ముందు రుసుము లేని భారతీయులకూ రోజుకు 1,200 రూపాయలు విధించింది. 2019లో 3 లక్షలు దాటిన సందర్శకులు 2023లో లక్షకు కాస్త పైన మాత్రమే ఉన్నారు. కోవిడ్ ప్రభావాన్ని తీసేసినా ఇది పెద్ద తగ్గుదలే. హోటళ్లు, గైడ్లు ఒత్తిడి చేయడంతో ఏడాదికే, 2023 సెప్టెంబరులో, ఆ 200ను 100 డాలర్లకు దించారు. అధిక ధర సరైన ధర ఏదో చెప్పదు, కొంతమందిని వదులుకోవడానికి దేశంలో ఎవరు సిద్ధంగా ఉన్నారో బయటపెడుతుంది.

ధరకు బదులు పరిమితులు పెట్టేవారూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లోని మాయా బే తీరాన్ని పగడపు దిబ్బలు కోలుకోవడానికి 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా పూర్తిగా మూసేసి, తర్వాత సంఖ్యను నియంత్రించి తెరిచారు. బార్సిలోనా మేయర్ 2024 జూన్‌లో, నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని ప్రకటించారు. దీనివల్ల ఇళ్లు స్థానికులకు అందుతాయని సమర్థకులు అంటారు. గిరాకీ తగ్గనప్పుడు గదులు తగ్గిస్తే హోటళ్ల ధరలు పెరిగి ఆ లాభం హోటల్ యజమానులకే చేరుతుందనీ, అనుమతి లేని అద్దెలు పెరుగుతాయనీ ఫ్లాట్ల యజమానులు వాదిస్తారు. ఈ రెండు అంచనాలూ పరస్పరం కొట్టివేసుకోవు, ఒకేసారి జరగవచ్చు.

పరిమితికీ ధరకూ మధ్య ఎంపికలో సామర్థ్యం ఒక్కటే కాదు, న్యాయం ప్రశ్న కూడా ఉంది. ధరతో తగ్గిస్తే ఆ తీరం డబ్బున్నవారికే మిగులుతుంది. లాటరీతోనో, ముందు బుక్ చేసుకున్నవారికి ముందన్న పద్ధతితోనో తగ్గిస్తే అందరికీ సమాన అవకాశం ఉంటుంది గానీ, ఊరికి రాబడి తగ్గుతుంది. ఒకే చోటికి స్థానికులకు ఒక ధర, బయటివారికి మరో ధర పెట్టడం ఈ రెండింటి మధ్య రాజీ. జపాన్‌లోని హిమేజీ నగరం తన కోట ప్రవేశానికి 2026 మార్చి నుంచి నగరవాసులకు 1,000 యెన్‌లు, ఇతరులకు 2,500 యెన్‌లుగా ఇలాగే నిర్ణయించింది. కోట మరమ్మతులకు నగరవాసులు ఎలాగూ పన్నుల రూపంలో కడుతున్నారన్నది దాని వెనుక తర్కం. అక్కడ గీత విదేశీయులకూ స్వదేశీయులకూ మధ్య కాకుండా, ఆ ఊరివారికీ మిగతా అందరికీ మధ్య పడింది. కాబట్టి టోక్యో నుంచి వచ్చినవారూ 2,500 చెల్లించాల్సిందే.